రిమార్కుల గడిలో మాట సాయం

ముడిచమురులో నీళ్ళెన్ని ఉన్నాయో చెప్పడం నా ఉద్యోగం. పందొమ్మిదేళ్ళుగా అదే చెబుతున్నాను. ఇండియా నుంచి వచ్చిన బంధువులెవరైనా ఇక్కడ నువ్వేం చేస్తావమ్మా అని అడిగితే, "ఆయిల్ కంపెనీలో" అని మా ఆయన ముందే అందుకుంటాడు. నేను నీళ్ళ సంగతి ఎత్తితే పరువు పోతుందని ఆయన భయం. ఆ నీళ్ళ చుక్క మీద ఎంతమంది కొట్టుకుంటారో ఆయనకేం తెలుసు?

ఓడ చమురు నింపుకునే రేవులో ఒక లాబ్ ఉంటుంది. అక్కడి కెమిస్టు శాంపిల్ తీసి, పరీక్ష చేసి, నీళ్ళ శాతం ఇంత అని అంకె రాసి సంతకం పెడుతుంది. అదే చమురు కొంచెం డబ్బాల్లో పోసి, సీలు వేసి, అట్టపెట్టెలో సర్ది కెప్టెన్ చేతికిస్తారు. ఓడ సింగపూర్ చేరాక ఆ పెట్టె జురాంగ్ ద్వీపంలో ఉన్న మా లాబ్‌కి వస్తుంది. నేను మళ్ళీ పరీక్ష చేసి నా అంకె రాస్తాను. రెండంకెలూ దగ్గర దగ్గరగా ఉంటే ఎవరికీ మేం గుర్తుండం. తేడా వస్తే అమ్మినవాడి లాయర్లూ కొన్నవాడి లాయర్లూ నిద్ర లేస్తారు.

నేను పని నేర్చుకున్నది విశాఖపట్నంలో. అక్కడి నా మొదటి బాసు గారు మహా కోపిష్ఠి. రిపోర్టులో చివర రిమార్కులని ఒక గడి ఉంటుంది. అందులో ఎవరైనా ఏదైనా రాస్తే కాగితం చించి మొహాన కొట్టేవారు. "అంకె నీది. కారణం నీది కాదు" అనేవారు. అంకె రాయాలి, సంతకం పెట్టాలి, ఇంటికి పోవాలి. ఆ గడిలో నేను పద్దెనిమిదేళ్ళపాటు "ఏమీ లేవు" అని తప్ప మరో ముక్క రాయలేదు. ఒక్కసారి రాశాను.

ఎవరి గురించి రాశానో ఆమె భూమికి అటువైపున, స్పానిష్ మాట్లాడే ఒక చమురు దేశంలో, రేవు లాబ్‌లో కెమిస్టు. దేశం పేరు రాయను. ఆమె పేరు అసలే రాయను. పేరెత్తకుండా రాసిన రెండు వాక్యాలతోనే ఆమె కొంప ముంచాను, పేరు కూడా రాసి ఇంకేం చేయను?

మా పరిచయం తగువుతో మొదలైంది. వాళ్ళ చమురు చిక్కటిది, బెల్లం పాకంలా కదలదు. ఓసారి నా అంకెకీ ఆమె అంకెకీ బాగా తేడా వచ్చింది. నాకు ఒళ్ళు మండి, "శాంపిల్ తీసేముందు డబ్బా కలపాలని మీ దేశంలో నేర్పరా?" అన్నంత పని చేస్తూ ఒక మెయిల్ రాశాను. మర్నాడు జవాబొచ్చింది. మెషీన్ అనువాదం చేసిన ఇంగ్లీషు, మర్యాదకి మాత్రం లోటు లేదు. తను డబ్బాని ఎంత వేడి చేసిందో, ఎంతసేపు కలిపిందో వరసగా రాసి, చివర "మీరూ కలిపారా, డాక్టర్?" అని అడిగింది. నేను డాక్టర్ని కాదు, ఉత్త ఎమ్మెస్సీని. వెళ్ళి మా జూనియర్ని నిలదీస్తే వాడు కలపలేదు. నీళ్ళన్నీ డబ్బా అడుగునే ఉండిపోయాయి. సిగ్గుతో చచ్చి, క్షమించమని రాశాను.

అప్పట్నుంచి ఓడ వచ్చినప్పుడల్లా ఉత్తరాలు నడిచేవి. మాకు సాయంత్రమైతే వాళ్ళకి పొద్దున్న. కంపెనీ బస్సు ద్వీపం గేటు దాటి జురాంగ్ ఈస్ట్ స్టేషన్‌కి చేరేలోపు ఆమె మెయిలొచ్చేది. మా భాషలో పెద్దదాన్ని అక్క అంటారని ఓసారి రాశాను, ఆమెని అలా పిలుద్దామనే ఉద్దేశంతో. ఆమెకి ఆ మాట ఎంత నచ్చిందంటే, నాకంటే మూడేళ్ళు పెద్దదయ్యుండీ నన్నే అక్కా అనడం మొదలుపెట్టింది. నేనూ ఆమెని అక్కా అనేదాన్ని. ఇద్దరం అక్కలమే, చెల్లెలెవరూ లేరు. ఇక్కడా అక్క అనే రాస్తాను.

ఆ దేశం కూలిపోవడం నేను టీవీలో కంటే ముందు అట్టపెట్టెల్లో చూశాను. మొదట్లో డబ్బాల మధ్య బుడగల ప్లాస్టిక్ కాగితం ఉండేది. తర్వాత దినపత్రికలు. పత్రికలు మూతపడ్డాయేమో, ఆ తర్వాత స్కూలు నోటుపుస్తకాల కాగితాలు, ఎవరో పిల్లల లెక్కలు, ఎర్ర సిరాతో టిక్కులు. చివరికి అవీ లేక పాత బట్టలు. ఒక పెట్టెలో లాబ్ కోటు చేతులు రెండూ కత్తిరించి డబ్బాలకి తొడిగి పంపింది. బాగా పట్టాయి కదా అని మెయిల్లో నవ్వింది కూడా.

నేల కింద అంత చమురు పెట్టుకుని, ఆమె లాబ్‌కి నడిచి వెళ్ళేది. బంకులో పెట్రోలు కోసం జనం రెండు రోజులు కార్లలోనే పడుకునేవాళ్ళు. దేశానికి చమురు తప్ప వేరే రాబడి లేదు. ధర పడిపోయినప్పుడు అప్పులు చేశారు, యంత్రాల మరమ్మతు ఆపేశారు, ఇదేమిటని అడిగినవాళ్ళని ఉద్యోగాల్లోంచి తీసేసి తమ మనుషుల్ని కూర్చోబెట్టారు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. వీళ్ళు కూర్చుని తినడమే కాదు, కొండెక్కే దారి కూడా తవ్వేశారు. లాబ్‌లో ఏడుగురు ఉండాల్సింది ఇద్దరు మిగిలారు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే సరిహద్దు దాటి, ఎక్కడెక్కడో గిన్నెలు కడుగుతున్నారని రాసింది.

తర్వాత ఊరేగింపులు, కాల్పులు. అక్క కూతురు మెడికల్ కాలేజీలో చదువుతోంది, కాలేజీ మూసేశారు. ఆ పిల్ల స్నేహితుడికి రబ్బరు గుండు తగిలి ఒక కన్ను పోయింది. ఆ వారం మేం భోజనానికి వెళ్ళే హాకర్ సెంటర్ టీవీలో ఆ ఊరి వీధులే చూపించారు, పొగ, పరుగెత్తే పిల్లలు. చికెన్ రైస్ లైన్లో ఉన్నవాళ్ళందరం తలెత్తి చూశాం. లైను కదిలింది, మేమూ కదిలాం. నా వంతొచ్చాక మిరపకాయ చట్నీ ఎక్కువ వెయ్యమని అడిగాను.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం అక్క రాసింది: "నీకు మాత్రమే చెబుతున్నాను. మా సెంట్రిఫ్యూజ్ చచ్చిపోయి అయిదు నెలలైంది." చమురునీ నీళ్ళనీ గిరగిరా తిప్పి వేరు చేసే యంత్రం అది. అది లేకపోతే వాళ్ళ లాబ్‌లో నీళ్ళ శాతం సరిగ్గా చెప్పడం కుదరదు. అక్క ఏం చేస్తోందంటే, చమురుని పొడవాటి గాజు గొట్టంలో పోసి, వేడినీళ్ళలో ఒక రోజంతా ఉంచి, అడుగున ఎంత నీరు దిగిందో కంటితో చూసి ఒక అంకె అనుకుంటోంది. అదీ రాయనివ్వట్లేదు. పై అధికారి వచ్చి ఎప్పుడూ ఒకే అంకె రాయిస్తున్నాడు. అంకె లేకపోతే ఓడ కదలదు, ఓడ కదలకపోతే దేశానికి గోధుమలు రావు. కాబట్టి సంతకం పెడుతున్నానని రాసింది.

ఆ మెయిల్‌కి నేను ఓదార్పుగా నాలుగు ముక్కలు రాసి, ఆ రోజు చేసిన గోంగూర పచ్చడి ఫోటో పెట్టాను.

గత ఏడాది వచ్చిన ఓడ శాంపిల్‌లో నీళ్ళు ఎంతున్నాయంటే, ముందు మా యంత్రాన్నే అనుమానించాను. మూడుసార్లు చేశాను. నేనే కలిపాను, నా చేతులతో. అక్క సంతకం పెట్టిన అంకెకి పదింతలుంది. ఇంత తేడా వస్తే దావా తప్పదు, దావా వస్తే సంతకం ఎవరిదని చూస్తారు, ఆ సంతకం అక్కది. కొన్నవాళ్ళు ఆమెని దొంగ అంటారు, అమ్మినవాళ్ళు చేతకానిది అంటారు. పదిహేను రోజులు ఉద్యోగంలేక తిరిగితే ఆ దేశంలో ఏం తింటుంది?

రిపోర్టు నింపి, చివరి గడి దగ్గరికొచ్చి ఆగాను. ఆగి, రాశాను. "లోడింగ్ రేవు లాబ్‌లో సెంట్రిఫ్యూజ్ కొన్ని నెలలుగా పనిచేయడం లేదని తెలిసింది. ఈ తేడాకి అక్కడి కెమిస్టు పనితనం కారణం కాదు."

రెండే వాక్యాలు. మనవాళ్ళకి అది తప్పని ఎవరు నేర్పారు? పిల్లాడు పరీక్ష తప్పితే ఇరుగమ్మ వెళ్ళి, మంచి పిల్లాడేనండీ, ఆ రోజు జ్వరం వచ్చింది అని మేష్టారితో అంటుంది. గుమస్తాని తీసేస్తుంటే పక్క సీటాయన పోయి, ఇల్లు గడవాలి సార్, కాస్త చూడండి అంటాడు. డబ్బు సాయం చెయ్యలేనివాళ్ళం మాట సాయం చేస్తాం. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెరిగినదాన్ని. ఎవరి చెవిన వేస్తున్నామో, ఆ చెవి ఎటువంటిదో చూసుకోవాలని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా మేనేజరు ఇక్కడివాడే, నెమ్మదస్తుడు. నా రిపోర్టుల్లో ఏనాడూ దిద్దడానికేమీ దొరకలేదు కాబట్టి చదవడం మానేశాడు. సంతకం పెట్టాడు. రిపోర్టు కొన్నవాళ్ళకీ, అమ్మిన ఆ దేశపు సర్కారు కంపెనీకీ ఒకేసారి వెళ్ళింది, నియమం అది. ఆ సాయంత్రం బస్సులో ఎంత తృప్తిగా కూర్చున్నానో గుర్తొస్తే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

అక్క నుంచి మూడు వారాలు మెయిల్ లేదు. కరెంటు లేదేమో అనుకున్నాను. వాళ్ళకి వరసగా నాలుగేసి రోజులు కరెంటు పోవడం మామూలే. నాలుగో వారంలో ఒక కొత్త చిరునామా నుంచి మెయిలొచ్చింది. అక్క కూతురు. మంచి ఇంగ్లీషు. "అమ్మ మిమ్మల్ని అక్క అంటుంది. నేను ఏమని పిలవాలో నాకు తెలీదు" అని మొదలుపెట్టింది.

పొద్దున్న పదకొండింటికి పోలీసులు లాబ్‌కి వచ్చి అక్కని తీసుకెళ్ళారట. చమురు పరిశ్రమ రహస్యాలు విదేశీయులకి చేరవేసిందనీ, విధ్వంసానికి సహకరించిందనీ కేసు. దేశంలో కరెంటు పోయినా, పెట్రోలు లేకపోయినా అంతా విద్రోహుల పనే అని వాళ్ళ నాయకుడు రోజూ టీవీలో చెబుతాడు. ఆ విద్రోహులు ఎక్కడున్నారో చూపించడానికి వాళ్ళకి ఒకరు దొరికారు. ఆమె ఇంటికి సోదాకొచ్చినప్పుడు పోలీసులు బల్ల మీద పెట్టిన కాగితం నా రిపోర్టు. స్పానిష్‌లోకి మార్పించి, ఆ రెండు వాక్యాల కింద గీత గీశారు. "తెలిసింది" అని ఉంది కదా, ఎవరి ద్వారా తెలిసింది అని అడిగారట. మిగిలిన ఇద్దరిలో ఒకామె సెలవులో ఉంది. ఇక ఎవరని చెప్పాలి?

ఆ పిల్ల ఏడవలేదు, తిట్టలేదు. ఒక్క సాయం అడిగింది. లాబ్‌లో ఎవరూ నాకేమీ చెప్పలేదనీ, నా పరీక్షలో వచ్చిన అంకెని బట్టి యంత్రం పాడై ఉంటుందని నేనే ఊహించి రాశాననీ, సంతకం పెట్టి ఒక ఉత్తరం ఇస్తే కేసు నిలబడకపోవచ్చని లాయరు చెప్పాడట. "త్వరగా ఇస్తే మంచిది" అని రాసింది.

అంటే నేను అబద్ధం రాయాలి. నా సొంత రిపోర్టులో రుజువు లేని మాట రాశానని నేనే ఒప్పుకోవాలి. మా వృత్తిలో ఆ మాట ఒప్పుకున్న మనిషి సంతకాన్ని మళ్ళీ ఎవరూ నమ్మరు.

మేనేజరు గదికి వెళ్ళి చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. ఆ గడి మొదటిసారి అప్పుడు చదివాడు. వ్యవహారం లాయర్ల చేతుల్లో ఉంది, నువ్వు ఒక్క ముక్క కూడా ఎవరికీ రాయడానికి వీల్లేదు, ఆ అమ్మాయికి జవాబు కూడా ఇవ్వకు అన్నాడు. తప్పుగా ఏమీ అనలేదు, ఆయన స్థానంలో ఎవరున్నా అదే అంటారు.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను.

"నీకేమన్నా మతి పోయిందా? పొమ్మంటే ఎక్కడికి పోతాం? పిల్లకి వచ్చే ఏడు ఎ లెవెల్స్ పరీక్షలు," అన్నాడు.

"ఆవిడ జైల్లో ఉందండీ."

"నువ్వు పెట్టావా జైల్లో?"

అన్నాక ఆయనకే అర్థమై, "అది కాదు... వాళ్ళ దేశం అలాంటిది. నువ్వు రాసినా వదుల్తారని ఏముంది?" అన్నాడు. ఆ మాట నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పకపోతే ఈ రాతంతా దొంగరాత అవుతుంది. వదుల్తారని ఏముంది? చాలా రోజులు ఆ వాక్యాన్ని పట్టుకుని బతికాను.

కోపాలు కూడా వచ్చాయి. నాకెందుకు చెప్పింది ఆ యంత్రం సంగతి, నేను అడిగానా? మోయలేనిది నా నెత్తిన ఎందుకు పెట్టింది? ఆ పిల్ల మీద కోపం, అంత మర్యాదగా అడిగినందుకు. తిట్టి ఉంటే నాకూ తిట్టే వీలుండేది. అక్క జైల్లో నేల మీద కూర్చుని ఉంటే, నేను ఎయిర్ కండిషన్ బస్సులో కూర్చుని ఆమె మీద కోపం తెచ్చుకుంటున్నాను. ఇలాంటిదాన్ని నేనని నాకు యాభై ఏళ్ళొచ్చేదాకా తెలీదు.

ఉత్తరం రాయలేదని కాదు. బస్సులో ఫోన్ మీద రాసేదాన్ని, స్టేషన్ వచ్చేసరికి చెరిపేసేదాన్ని. "ఊహించాను" అనాలా, "అనుమానించాను" అనాలా? అబద్ధమైనా అక్షరం తేడా లేకుండా ఉండాలని నా బుద్ధి. ఒక రోజంతా ఆ రెండు మాటల మధ్య ఊగాను. అంకె తప్ప మరేదీ ధైర్యంగా రాయడం చేతకాని మనిషిని.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తింటుంటే మా అమ్మాయి, మాట చివర 'ఆ', 'లా' తగిలించే తన సింగపూర్ ఇంగ్లీషులో అడిగింది. మా మాటలు దాని గదిలోకి వినబడుతూనే ఉన్నాయని మాకు తోచలేదు.

"సో యూ ఆర్ నాట్ గోయింగ్ టు రైట్, ఆ?"

"నీకు తెలీదు, ఊరుకో," అన్నాడు వాళ్ళ నాన్న.

"వాళ్ళమ్మ జైల్లో ఉంది లా, డాడీ. ఇట్స్ ఎ లెటర్ మాత్రమే కదా." తర్వాత నా వైపు తిరిగి, "ఇఫ్ ఇట్స్ యూ ఇన్‌సైడ్, ఐ ఆల్సో విల్ ఆస్క్ ఎనీబడీ," అంది. అని, లేచి వెళ్ళి కంచం కడుక్కుంది.

అప్పుడు లేచి, చెయ్యి కడుక్కుని, అదే బల్ల దగ్గర కూర్చుని రాశాను. పది నిమిషాలు పట్టింది. లాబ్‌లో ఎవరూ నాకేమీ చెప్పలేదు, ఆ వాక్యాలు నా ఊహ, అవి రాయడం నా వృత్తిపరమైన తప్పు. సంతకం, తేదీ. మా ఆయన పక్కనే నిలబడి చూశాడు, ఆపలేదు. స్కాన్ చేసి పంపేశాను. ఆ పిల్ల అడిగిన రోజు నుంచి అది పన్నెండో రోజు.

మర్నాడే మేనేజరుకి చెప్పేశాను. నన్ను లాబ్‌లోంచి తీసి స్టోర్స్‌లో వేశారు, సీసాలు, గ్లవ్‌లు సర్దే పని. ఉద్యోగం పోలేదు. ఇక్కడ స్థిరంగా ఉండనిచ్చే పీఆర్ పోలేదు. మా అమ్మాయి పరీక్షలకి చదువుకుంటోంది. పన్నెండు రోజులు నేను దేనికి భయపడ్డానో అందులో ఒక్కటీ జరగలేదు.

జవాబు వారానికి వచ్చింది. అది చదివింది ఒక్కసారే, కంఠతా వచ్చేసింది.

"మీ ఉత్తరం అందింది. కృతజ్ఞతలు. లాయరుకి చూపించాను. ఇక అది పనికిరాదని చెప్పాడు. అది రావడానికి రెండు రోజుల ముందే అమ్మ కాగితం మీద సంతకం పెట్టింది, మీకు రహస్యాలు చెప్పానని ఒప్పుకుంటూ. పెడితే ఇంటికి పంపిస్తామన్నారట. పంపలేదు. వేరే ఊరి జైలుకి మార్చారు, అక్కడికి వెళ్ళడానికి బస్సులు లేవు.

"అంతకుముందు వారానికి రెండుసార్లు చూడనిచ్చేవాళ్ళు. వెళ్ళిన ప్రతిసారీ, అక్క రాసిందా అని అడిగేది. లేదని చెప్పలేకపోయాను. కరెంటు లేదు, మెయిల్ చూడటం కుదరలేదు అని చెప్పాను. రాసే ఉంటుంది, కరెంటొచ్చాక చూడు అనేది. ఇప్పటికీ అదే అనుకుంటోంది. మీ ఉత్తరం నకలు అమ్మకి పంపాను. తేదీ ఉన్న చోట మడిచి, చింపేసి పంపాను."